జో లూయిస్ సంపాదన – దాని పాలివారు

వెనుకటి రోజులలో మన పల్లెలలో పంట నూర్చిన నాడు కల్లము ఒక చిన్న న్యాయస్థానము వలె నుండెడిది. రాశి నడుమ నుండెడిది. చుట్టును వడ్రంగి, కమ్మరి, చాకలి, మంగలి, కావలివాడు నిలిచి యుండెడివారు. వారి వారి మేరలు కొలిచి యిచ్చినదాక రైతు గింజను బండి కెత్తెడివాడు కాడు. పొలము కోరుకు చేయువాడైనచో భూస్వామి పాలు కూడ అక్కడనే, నలుగురి యెదుటనే, కుంచముతో కొలువబడెడిది. మిగిలినది తక్కువైనను ఎక్కువైనను, ఎవరికెంత పోయినదో రైతు కన్నులార చూచెడివాడు.

మేమిప్పుడు చెప్పదలచినది పంట సంగతి కాదు. పిడికిళ్లతో సంపాదించిన ధనము సంగతి. ముష్టియుద్ధము, అనగా బాక్సింగు, పాశ్చాత్య దేశములలో రెండు శతాబ్దములకు పైగా వృత్తిగా సాగుచున్నది. ఆ వృత్తిలో దెబ్బలు తినువాడు ఒక్కడు. వాని సంపాదనలో పాలుగలవారు పలువురు. రాశి ఎక్కడ కొలిచిరి, ఎవరు కొలిచిరి, కొలుచునప్పుడు ఆ దెబ్బలు తిన్నవాడు దగ్గర నున్నాడా లేడా అన్నదే ఈ చరిత్రలో మొదటి నుండి వచ్చుచున్న తగవు.

1743వ సంవత్సరములో లండనులో జాక్ బ్రౌటన్ అను ప్రసిద్ధ ముష్టియోధుడు తన రంగశాలలో పోరాటములకు కొన్ని నియమములు వ్రాసిపెట్టినాడు. బాక్సింగునకు లిఖితరూపమున ఏర్పడిన తొలి నియమావళి అదియే యని చెప్పుదురు. పడిపోయిన వానిని కొట్టరాదు, నడుము క్రింద పట్టరాదు అన్న సంగతులు అందరును ఎత్తి చెప్పుదురు గాని, అదే పత్రములో మరియొక నియమ మున్నది. చిన్న పోటీలలో వసూలైన సొమ్ములో మూడింట రెండు పాళ్లు గెలిచినవానికి చెందవలెను. ఆ పంపకము వేదిక మీదనే, ప్రేక్షకుల యెదుటనే జరుగవలెను. చాటున చేసికొన్న ఒప్పందములు ఏవియున్నను అవి చెల్లవు. ఈ మాటలు చదివినప్పుడు మాకు కల్లమే జ్ఞప్తికి వచ్చినది. చాటు ఒప్పందములు చెల్లవని వ్రాయవలసి వచ్చినదనగా, అవి అప్పటికే బలముగా నున్నవన్న మాట. బ్రౌటన్ స్వయముగా దెబ్బలు తిన్నవాడు గనుక ఆ కిటుకు ఎరిగియే వ్రాసినాడు.

బ్రౌటన్ నియమావళిలో తక్కినవి నిలిచినవి. పంపకపు నియమము మాత్రము నిలువలేదు. కారణము లేకపోలేదు. ఆ కాలపు పెద్ద పోటీలలో అసలు ధనము ప్రవేశ రుసుములో లేదు, పందెములలో నున్నది. ప్రభువులు, కులీనులు యోధులను గుర్రములను పోషించినట్లు పోషించి పందెములు కాచెడివారు. 1811 సెప్టెంబరు 28వ తేదీన థిసిల్టన్ గ్యాప్ అను చోట ఇంగ్లండు వీరుడు టామ్ క్రిబ్, అమెరికా నుండి వచ్చిన నీగ్రో యోధుడు టామ్ మాలినోను రెండవమారు ఓడించినాడు. క్రిబ్‌కు తర్ఫీదు ఇచ్చినవాడు కాలినడక పందెములలో పేరుమోసిన కెప్టెన్ బార్క్‌లే. ఆ దినమున క్రిబ్‌కు 400 పౌన్లు, బార్క్‌లేకు 10,000 పౌన్లు ముట్టినవని ప్రసిద్ధి. ఓడిన మాలినో 1818లో ఐర్లండు దేశమున గాల్వే పట్టణములో నిరుపేదగా మరణించినాడు.

పందెము కాచు ప్రభువుల కాలము పోయి టిక్కెట్లు అమ్ము ప్రమోటర్ల కాలము వచ్చినది. 1867లో క్వీన్స్‌బరీ నియమములు వెలువడి చేతులకు తొడుగులు వచ్చిన తరువాత ఆట మర్యాదస్థుల వినోదమైనది. అయినను 1892లో న్యూ ఆర్లియన్సులో సలివన్, కార్బెట్ పోరాడినప్పుడు 25,000 డాలర్ల బహుమతియు, ఇరువైపుల కాచిన చెరి 10,000 డాలర్లును కలిసి మొత్తము గెలిచినవానికే. ఓడినవానికి సున్న. 1910లో రీనో నగరమున జాక్ జాన్సన్, జెఫ్రీస్ పోటీకి టెక్స్ రికార్డ్ అను ప్రమోటరు 1,01,000 డాలర్లు ప్రకటించినాడు. దానిని నూటికి 60 గెలిచినవానికి, 40 ఓడినవానికి అని విభజించినారు. ఓడినవాడును దెబ్బలు తిన్నవాడే యన్న జ్ఞానము ఆ విధముగ కొంచెము కొంచెముగా కలిగినది.

ఇక్కడ ఆ రాశి ఏ విధముగ కరగునో శ్రోతలకు కొంత వివరింపవలసి యున్నది. పోటీనాడు ద్వారము వద్ద వసూలైన సొమ్ములో నుండి మొదట ప్రభుత్వపు వినోదపు పన్ను పోవును. మిగిలిన నికర వసూలులో ఛాంపియనునకు నూటికి ఇంత, ఎదురు నిలిచిన వానికి ఇంత అని ముందే వ్రాసికొందురు. స్థలము అద్దె, ప్రకటనలు, తక్కిన ఖర్చులు ప్రమోటరు పాలిటివి. లాభము కూడ అతనిదే. ఇక యోధుని పాలునకు వచ్చిన దానిలో మూడవ వంతు మేనేజరుది. అమెరికాలో పలు రాష్ట్రముల బాక్సింగు కమిషన్లు మేనేజరు పాలు ఇంతకు మించరాదని హద్దు పెట్టినవి. హద్దు పెట్టవలసి వచ్చినదన్న సంగతియే అంతకు ముందటి పద్ధతి ఎట్టిదో చెప్పుచున్నది. శిక్షకునకు పదవ వంతు వాడుక. రౌండునకు రౌండునకు నడుమ ముఖముపై గాయముల రక్తము నాపు నేర్పరి యొకడుండును. అతనికి నూటికి రెండో మూడో. అభ్యాసములో ఎదురు నిలిచి దెబ్బలు తినువారికి వారపు కూలి. పోటీకి ముందు వారముల తరబడి జరుగు శిబిరమునకు ఇంటి అద్దె, తిండి, వంటవాని జీతము ఉండనే యున్నవి. నూరు డాలర్లు వచ్చినచో యాబది యైదు మిగులుట గొప్ప. అటుపిమ్మట ఆదాయపు పన్ను వచ్చును.

ఈ లెక్కలో మేనేజరు పనికిమాలినవా డనుకొనరాదు. పోటీలు కుదుర్చువాడు, ప్రమోటరుతో బేరమాడువాడు, ఎవనితో ఎప్పుడు పోరాడవలెనో ఎవనితో పోరాడరాదో నిర్ణయించువాడు అతడే. జాక్ డెంప్సీ అంత గొప్పవాడు కూడ జాక్ కర్న్‌స్ అను మేనేజరు లేనిదే 1919లో ప్రపంచ విజేత కాగలిగెడివాడా యన్నది సందేహమే. వారిరువురకును సంపాదనలో సగపాలు. చేతిలో చేయి వేసి చేసికొన్న ఒప్పందము అది. కర్న్‌స్ బేరమాడు విధమునకు ఒక్క ఉదాహరణము చాలును.

1923లో మాంటానా రాష్ట్రములో షెల్బీ అను చిన్న ఊరు కొత్తగా నూనె పడిన ఉత్సాహములో డెంప్సీ పోటీని తన ఊరికి రప్పింపవలెనని తలపెట్టినది. కర్న్‌స్ 3 లక్షల డాలర్లు అడిగినాడు. మూడు వాయిదాలు. మొదటి లక్ష ఇచ్చినారు. రెండవ వాయిదా నానా తంటాలు పడి కూర్చినారు. మూడవది పుట్టలేదు. పోటీ జరుగునో జరుగదో తెలియక దూరప్రాంతముల వారు రైలు టిక్కెట్లు రద్దు చేసికొన్నారు. జూలై 4వ తేదీన 40,000 మంది పట్టు బరిలో డబ్బిచ్చి కూర్చున్నవారు 7,202 మంది. కర్న్‌స్ ఆ గేటు వసూలును కూడ పుచ్చుకొని వెడలిపోయినాడు. ఊరి బ్యాంకులు తరువాత మూతపడినవి. మొత్తము పదునైదు రౌండ్లు డెంప్సీ యెదుట నిలిచిన టామీ గిబ్బన్స్‌కు పోరాడినందుకు ప్రతిఫలము ఏమియు దక్కలేదు. ఇంతటి బేరగాడైన కర్న్‌స్‌తోడనే రెండు మూడు సంవత్సరములలో డెంప్సీ తెగతెంపులు చేసికొన్నాడు. ఆపై ఏండ్ల తరబడి వ్యాజ్యములు. తన సొమ్ము ఎంత, ఎక్కడ ఉన్నది అన్నవి డెంప్సీ అడిగిన ప్రశ్నలు. బ్రౌటన్ వేదిక మీద ఆ ప్రశ్నలకు చోటే యుండెడిది కాదు.

ఒక్క జీన్ టన్నీ మాత్రము లెక్కలు తెలిసినవాడు. 1927లో షికాగోలో డెంప్సీని రెండవమారు ఓడించినందుకు అతనికి 9,90,445 డాలర్లు వచ్చినవి. తక్కువపడిన 9,555 డాలర్లకు తానే ప్రమోటరుకు చెక్కు వ్రాసి యిచ్చి, పూర్తి పది లక్షలకు ఒక్క చెక్కు పుచ్చుకొన్నాడు. మరుసటి సంవత్సరము ఆట విడిచి సుఖముగా జీవించినాడు. ఇటువంటివారు ఈ చరిత్రలో బహు కొద్దిమంది.

ఇక జో లూయిస్ సంగతి. అతని పూర్తి పేరు జోసెఫ్ లూయిస్ బారో. 1914 మే 13వ తేదీన అలబామా రాష్ట్రములో లఫాయెట్ సమీపమున జన్మించినాడు. తండ్రి మన్రో బారో ఇతరుల పత్తిపొలము కోరుకు చేసిన నీగ్రో రైతు. అక్కడి కోరు పద్ధతి మన పద్ధతి కంటె కఠినమైనది. విత్తనము, పనిముట్లు, తిండిగింజలు అన్నియు భూస్వామి అప్పుగా నిచ్చును. పంటనాడు లెక్క అతని పుస్తకములోనే తేలును. పండించినవాడు బాకీదారుగనే మిగులుట వాడుక. కొడుకు రెండేండ్ల వాడై యుండగా తండ్రిని పిచ్చియాసుపత్రిలో చేర్చినారు. తల్లి లిల్లీ మరల వివాహము చేసికొన్నది. 1926లో కుటుంబము డిట్రాయిట్ నగరమునకు తరలినది. జో ఫోర్డు కంపెనీ కర్మాగారములో కూలిపని చేసినాడు. వయొలిన్ నేర్చుకొమ్మని తల్లి యిచ్చిన డబ్బులు వ్యాయామశాలకు చెల్లించినాడు.

1934 జూలై 4వ తేదీన షికాగోలో జో లూయిస్ తొలిసారి సొమ్ము కొరకు పోరాడినాడు. మొదటి రౌండులోనే ప్రత్యర్థి పడినాడు. ముట్టినది 59 డాలర్లు. అప్పటికే అతని వెనుక ముగ్గురున్నారు: మేనేజర్లు జాన్ రాక్స్‌బరో, జూలియన్ బ్లాక్, శిక్షకుడు జాక్ బ్లాక్‌బర్న్. ముగ్గురును నీగ్రోలే. తెల్ల మేనేజర్ల చేతిలో నల్ల యోధులు ఎట్లు నలిగిపోవుదురో రాక్స్‌బరో అతనికి చెప్పి తన చేతిక్రిందికి తెచ్చుకొన్నాడు. రాక్స్‌బరో చట్టవిరుద్ధమైన నంబర్ల జూదములో ధనము గడించినవాడు, దానికి తరువాత జైలుకు పోయినవాడును. అయినను ఆ కుర్రవానికి బట్టలు, తిండి, ఇల్లు అమర్చి, బరిలోను వెలుపలను ఎట్లు మెలగవలెనో నేర్పినది ఆయనయే. ముసలి బ్లాక్‌బర్న్ తన అడుగుల నేర్పును, గురి చూచి కొట్టు విద్యను అతనికి ధారపోసినాడు. వారి పాలు వారు కష్టపడియే సంపాదించుకొన్నారని మేము తలచుచున్నాము.

నాలుగవ పాలివాడు 1935లో వచ్చినాడు. మైక్ జేకబ్స్ అను న్యూయార్కు టిక్కెట్ల వ్యాపారి ట్వెంటీయత్ సెంచరీ స్పోర్టింగ్ క్లబ్బు పేరిట పోటీలు నడుపుచుండెను. దానిలో ముగ్గురు పత్రికా రచయితలు గుప్తముగా భాగస్వాములు. తాము లాభము పొందు పోటీని తామే పత్రికలలో పొగడుచుండిరన్న మాట! ఆ సంవత్సరము సెప్టెంబరులో లూయిస్, మాక్స్ బేర్‌ల పోటీకి పది లక్షల డాలర్లు వసూలైనవి. ఆ దినమే, బరిలోకి పోవుటకు కొన్ని గంటల ముందు, లూయిస్ మార్వా ట్రాటర్‌ను వివాహమాడినాడు. ఆ కాలముననే తన కుటుంబము కరవురోజులలో డిట్రాయిట్ నగరము నుండి పొందిన సహాయపు సొమ్మును లెక్కగట్టి తిరిగి చెల్లించినాడు. బాకీ యుంచుకొను స్వభావము అతనిది కాదు.

1937లో ఛాంపియను పట్టము జేమ్స్ బ్రాడక్ వద్ద నున్నది. లూయిస్‌తో పోరాడుటకు బ్రాడక్ మేనేజరు జో గూల్డ్ అడిగిన ధర విచిత్రమైనది. ఓడినను గెలిచినను, రాబోవు పదేండ్లు జేకబ్స్ నడుపు హెవీవెయిట్ పట్టపు పోటీల నికర లాభములో పదవ వంతు తమకు రావలెను. జేకబ్స్ ఒప్పుకొన్నాడు. జూన్ 22వ తేదీన ఎనిమిదవ రౌండులో బ్రాడక్ పడిపోయినాడు. ఆ తరువాత లూయిస్ పట్టమును ఎన్ని మార్లు కాపాడుకొన్నను, ఆ పోటీల లాభములో ఓడినవాని మేనేజరు పాలొకటి నడుచుచునే యున్నది. సరిగా ఒక సంవత్సరమునకు, 1938 జూన్ 22న, తనను అంతకుముందు ఓడించిన జర్మన్ యోధుడు మాక్స్ ష్మెలింగ్‌ను లూయిస్ 124 సెకన్లలో పడగొట్టినాడు. ఆ రాత్రి రేడియోల ముందు కోట్లకొలది జనము కూర్చుండిరి. నాటి పోరాటము రెండు దేశముల పోరాటముగా ప్రపంచము వినినది.

తరువాత యుద్ధము వచ్చినది. 1942 జనవరిలో బడ్డీ బేర్‌తో పోరాడి తన సంపాదనను నౌకాదళపు సహాయనిధికి, మార్చిలో ఏబ్ సైమన్‌తో పోరాడి సైనిక సహాయనిధికి ఇచ్చివేసినాడు. మధ్యలో తానే సైన్యములో సామాన్య సిపాయిగా చేరినాడు. సైనికుల యెదుట 96 ప్రదర్శన పోటీలు చేసినాడు. అవి చూచినవారు ఇరువది లక్షల మంది. బరి సంపాదన లేదు. ఖర్చులు మాత్రము నిలువలేదు. జేకబ్స్ వద్ద బదులు పుచ్చుకొన్నాడు. యుద్ధము ముగిసి వెలుపలికి వచ్చునప్పటికి తనకు రెండున్నర లక్షల డాలర్లు బాకీ యున్నాడని జేకబ్స్ లెక్క చూపినాడు. లక్ష డాలర్లకు మించి పన్ను బకాయి వేరుగా నున్నది. సహాయనిధులకు ఇచ్చివేసిన సొమ్మును కూడ పన్నుల శాఖ అతని ఆదాయముగనే కట్టినది. చేతిలోకి రాని డబ్బుకు పన్ను పడినది.

1946 జూన్ 19వ తేదీన బిల్లీ కాన్‌తో జరిగిన పోటీ లెక్కలు మనకు దొరకుచున్నవి. అందుచేత ఆ రాశిని కొంచెము నిదానముగా కొలిచి చూతము. బరి పక్క టిక్కెట్టు వెల నూరు డాలర్లు. టెలివిజనులో చూపబడిన మొదటి హెవీవెయిట్ పట్టపు పోటీయు అదియే. గేటు వసూలు 19,25,564 డాలర్లు. పన్నులు పోగా మిగిలిన దానిలో నూటికి 40 చొప్పున లూయిస్‌కు 6,25,916 డాలర్లు, నూటికి 20 చొప్పున కాన్‌కు 3,12,958 డాలర్లు వచ్చినవి. లూయిస్ పాలులో నుండి మేనేజర్లకు 1,40,000. విడాకులు పొందిన భార్య మార్వాకు 66,000. న్యూయార్కు రాష్ట్రపు పన్ను 30,000. ఇంకను మిగిలినది సుమారు 3,90,000. ఇందులో నుండి జేకబ్స్ బాకీ తీరవలెను. శిబిరపు ఖర్చులు పోవలెను. అన్నిటికంటె మించి కేంద్ర ప్రభుత్వపు ఆదాయపు పన్ను. ఆ రోజులలో అమెరికాలో అత్యధిక ఆదాయముపై పన్ను నూటికి 90 ప్రాంతమున నుండెడిది. పది సంవత్సరములు కొద్దికొద్దిగా అదే మొత్తము సంపాదించిన గుమాస్తాకు ఆ రేటు తగులదు. ఒక్క రాత్రిలో సంపాదించిన ముష్టియోధునకు తగులును. అతని వృత్తి పదేండ్లదే యన్న సంగతి పన్నుల పుస్తకమునకు తెలియదు.

ఇక్కడ ఒక న్యాయము చెప్పుకొనవలెను. లూయిస్ చేయి పెద్దది. స్నేహితులకు, చుట్టములకు, ముఖము తెలియనివారికి కూడ అడుగుట యాలస్యముగా ఇచ్చెడివాడు. భోజనశాలలు, వ్యాపారములు పెట్టి పోగొట్టుకొన్నాడు. గోల్ఫు ఆటలో పందెములు కాచి ఓడిపోయినాడు. ఈ దోషములు అతనివే. కాని ఎవరైనను ఒక మారు కూర్చుండబెట్టి, ‘నీ కింత వచ్చినది, ఇంత పోయినది, పన్నుకు ఇంత విడిగా ఉంచవలెను’ అని లెక్క చూపియున్నచో కథ వేరుగా నుండెడిది. లెక్క చూచుకొను పనికే పలువురు పాళ్లు తీసికొనుచుండగా, ఆ ఒక్క పనియే ఎవరును చేయలేదు. అతని వృత్తి జీవితమంతటిలో పోటీల వలన వచ్చినది 46 లక్షల డాలర్లకు పైగా నన్నది సాధారణముగా చెప్పు లెక్క. అతనికి దక్కినది అందులో 8 లక్షలు.

1949లో పట్టమును విడిచిపెట్టి తాను కూడ అవతలి గట్టుకు, అనగా ప్రమోటర్ల వైపునకు చేరవలెనని చూచినాడు. తరువాతి పట్టమునకు పోటీదారులగు యోధుల ఒప్పందములు తాను సంపాదించి, జేమ్స్ నారిస్, ఆర్థర్ విర్ట్‌జ్ అను ధనికులకు అప్పగించినాడు. దానికి లక్షన్నర డాలర్లు నగదు, సాలుకు 15,000 జీతము, కొత్త కంపెనీలో నూటికి 20 వాటా ప్రతిఫలము. ఇంటర్నేషనల్ బాక్సింగ్ క్లబ్బు అట్లు పుట్టినది. అది పట్టపు పోటీలపై ఎంత గుత్తాధిపత్యము చెలాయించినదనగా, 1959లో అమెరికా సుప్రీముకోర్టు దానిని విడగొట్టుమన్న తీర్పును ఖాయము చేయవలసి వచ్చినది. లూయిస్‌ను ఆ వాటా కాపాడలేకపోయినది. 1950లో పన్నుల శాఖ అతని లెక్కలన్నియు తిరుగదోడినది. వడ్డీలు, జరిమానాలు కలిసి బాకీ 5 లక్షల డాలర్లు దాటినది. తాను మరల పోరాడి, వచ్చిన నికరమంతయు పన్నుకు జమకట్టుటకు ఒప్పుకొన్నాడు.

ముప్పదియారేండ్ల వయసున, 1950 సెప్టెంబరు 27న ఎజర్డ్ చార్లెస్ యెదుట నిలిచి ఓడిపోయినాడు. పాలునకు వచ్చినది 1,00,458 డాలర్లు. 1951 అక్టోబరు 26న రాకీ మార్సియానో ఎనిమిదవ రౌండులో అతనిని త్రాళ్ల వెలుపలికి పడగొట్టినాడు. పాత బాకీలో ఒక డాలరు తీర్చవలెననిన, ముందు ఆ డాలరు సంపాదింపవలెను. సంపాదించిన దానిపై ఆ యేటి పన్ను పడును. అంతలో పాత బాకీపై వడ్డీ పెరుగును. తన తండ్రి అలబామాలో భూస్వామి పుస్తకములో చూచిన లెక్క ఇదియే. 1953లో తల్లి మరణించినప్పుడు కొడుకునకు వ్రాసి యిచ్చిన 667 డాలర్లను సైతము పన్నుల శాఖ జమ కట్టుకొన్నది. ఈ అంకె చదివిన దినమున మాకు మరి పుస్తకము ముందుకు సాగలేదు.

లూయిస్ కథ ఒంటరిది కాదు. 1960 ప్రాంతమున సెనేటరు ఎస్టెస్ కెఫావర్ ఉపసంఘము బాక్సింగులోని దుర్మార్గములను విచారించినది. లైట్‌వెయిట్ ఛాంపియనుగా నుండిన ఐక్ విలియమ్స్, రెండు పోటీలలో తన సొమ్ము పైసా కూడ తనకు ముట్టలేదనియు, దానికి పన్ను మాత్రము తానే కట్టినాననియు సాక్ష్యమిచ్చినాడు. ఆ మేనేజరు వద్దకు అతడు పోయిన కారణము ఇంకను గమనింపదగినది. మొదట తన వ్యవహారము తానే చూచుకొనదలచినాడు. మేనేజర్ల సంఘము అతనికి పోటీలు దొరకకుండ వెలివేసినది. జేక్ లమోటా తాను పట్టపు పోటీ దక్కించుకొనుటకు 1947లో ఒక పోటీ కావలెనని ఓడిపోయితిననియు, పైగా 20,000 డాలర్లు చెల్లించితిననియు చెప్పినాడు. పాలు పుచ్చుకొనువారి జాబితాలో యోధుడే చెల్లించువాడైనాడు! తెరవెనుక అందరి వద్దను పాలు గుంజిన ఫ్రాంకీ కార్బోకు 1961లో ఇరువదియైదేండ్ల శిక్ష పడినది.

అదే 1960లో కెంటకీ రాష్ట్రములోని లూయీవిల్ నగరమున పదునొకండుగురు వర్తకులు కూడి, ఒలింపిక్ పతకముతో వచ్చిన కేసియస్ క్లే అను పదునెనిమిదేండ్ల కుర్రవానితో ఆరేండ్ల ఒప్పందము వ్రాసినారు. అతడే తరువాత మహమ్మదాలీ. చేరినందుకు 10,000 డాలర్లు. మొదటి నాలుగేండ్లు సంపాదనలో సగము సగము. శిక్షణపు ఖర్చులన్నియు వర్తకుల పాలులో నుండియే. ఇంకొక షరతు కలదు. అతని ఆదాయములో నూటికి 15 వంతున ఒక నిధిలో పడవలెను. అతనికి 35 ఏండ్లు నిండినదాక గాని, ఆట విడిచినదాక గాని ఎవరును దానిని ముట్టరాదు. జో లూయిస్ అప్పటికి బ్రతికి యున్నాడు. పత్రికలలో అతని పన్ను బాకీ అందరును చదువుచుండిరి. ఆ షరతు ఎవరిని చూచి వ్రాసినారో వేరుగా చెప్పనక్కరలేదని మా యూహ.

1960 తరువాత పన్నుల శాఖ పట్టు సడలించినది. న్యాయవాది యగు భార్య మార్తా కృషి వలన, ఆ యేటి ఆదాయమును బట్టియే వసూలు చేయుటకు ఒప్పుకొన్నది. లూయిస్ లాస్ వేగస్‌లో ఒక జూదశాల ద్వారము వద్ద అతిథులను పలుకరించు ఉద్యోగము చేసినాడు. 1981 ఏప్రిల్ 12న మరణించినాడు. ఆర్లింగ్టన్ సైనిక శ్మశానములో సమాధి చేసినారు. అంత్యక్రియల ఖర్చులో కొంత భరించినవాడు 1938లో అతని చేతిలో ఓడిన ష్మెలింగ్.

2000వ సంవత్సరము మే నెలలో అమెరికా ప్రభుత్వము మహమ్మదాలీ పేరిట ఒక చట్టము చేసినది. పోటీ వలన తనకు ఎంత రాబోవుచున్నదో, యోధుని పాలులో నుండి ఏ ఖర్చుల క్రింద ఎంత విరుచుకొనుచున్నాడో ప్రమోటరు యోధునకు తెలుపవలెను. పది రౌండ్లు, అంతకు మించిన పోటీలలో ప్రమోటరే మేనేజరుగా గాని, మేనేజరే ప్రమోటరుగా గాని ఉండరాదు. బ్రౌటన్ తన వేదికపై వ్రాసి పెట్టిన నాటికి ఇది 257 సంవత్సరముల తరువాతి మాట. మేనేజరునకు ఎంత, శిక్షకునకు ఎంత, యోధునకు ఎంత యన్న అంకె మాత్రము ఆ చట్టములో ఎక్కడను లేదు. అది రాష్ట్రముల కమిషన్లకును, సంతకము చేయువాని తెలివికిని విడిచిపెట్టబడినది.